ఎర్ర అక్షరాల ఖర్చు

హుయ్ మిన్, కుండలో గంజి ఉంది, వేడి చేసుకుని తిను. నేను ఈపో బస్సుకి వెళ్తున్నాను. మీ నాన్న సమాధిరాయికి ఇవాళ బయానా ఇచ్చేస్తాను.

రాయి, చెక్కుడు, ఫోటో బిళ్ళ, నిలబెట్టే కూలీ కలిపి ఎనిమిది వేల రింగిట్లు. ఆయన పక్కన నా పేరు కూడా ఇప్పుడే చెక్కిస్తే ఇంకో మూడు వందలే. రేపు నాకు విడిగా రాయంటే మళ్ళీ ఎనిమిది వేలు, నువ్వే కట్టాలి.

"బతికుండగానే సమాధి మీద పేరేంటమ్మా, పిచ్చా నీకు?" అని నిన్న గిన్నె తోసేసి లేచిపోయావు. గిన్నె నేనే కడిగాను. పోయినవాళ్ళ పేరుకే బంగారు రంగు వేస్తారు తల్లీ, బతికున్నవాళ్ళ పేరుకి ఎరుపు వేస్తారు. మీ నాన్న పోయాక నేను ఇటు ఉన్నానో అటు ఉన్నానో నాకే తెలియకుండా తిరిగాను. అక్కడ ఎర్రగా రాసి ఉంటే, చూసినప్పుడల్లా ఇటే ఉన్నానని తెలుస్తుంది.

అమ్మ

అన్నట్టు, ఎండకి ఎరుపు తొందరగా వెలిసిపోతుందట. ఏటా చింగ్ మింగ్ పండక్కి సమాధి కడిగేటప్పుడు రంగుకని ఇరవై రింగిట్లు పక్కన పెట్టు. చాలా ఏళ్ళు ఆ ఖర్చు నీ నెత్తిన వేసే ఉద్దేశంలోనే ఉన్నాను.