జమ్మలమడుగులో వదిలేసిన బంతి

ఓబులేసూ,

చిన్నప్పుడు పెన్న ఇసుకలో గుడ్డబంతి కోసం మోకాళ్లు దోక్కుపోయినా దూకేవాడివి. పెద్దయ్యాక మన ప్రొద్దుటూరు ఫుట్‌బాల్ క్లబ్బుకు గోల్‌కీపరువి నువ్వే. అలాంటిది జమ్మలమడుగు ఫైనల్లో చంటిపిల్లాడైనా ఆపగల బంతి నీ కాళ్ల మధ్యనుంచి దొర్లిపోయింది. మూడు నెలలకే ఆ గోలు కొట్టినవాడి చెల్లెలిని పెళ్లాడావు. పిల్ల కోసం కప్పు ఇచ్చేశావని నా అనుమానం. నీ పెళ్లి భోజనం కూడా ఆ అనుమానంతోనే తిన్నాను.

నువ్వుండగా అడగలేకపోయాను. మొన్న నీ సంవత్సరీకం నాడు నీ భార్యనే అడిగాను.

"యాడి మాటన్నా! అప్పటికి సంబంధం ఊసే లేదు. గోలుకు ఎదురుగానే మా మిద్దె. నేను వడియాలు పెడతాంటే ఆయప్ప బంతిని ఇడిసిపెట్టి నా తట్టే సూస్తాండె," అంది.

పూర్తిగా నమ్మానని చెప్పను. నిన్న అదే మైదానంలో మళ్లీ జమ్మలమడుగుతోనే ఫైనల్. గోల్లో నీ కొడుకు నిలబడ్డాడు. నేను ఆటకు వీపు పెట్టి, చివరిదాకా ఆ మిద్దెలన్నిటికీ కాపలా కాశాను. ఒక మిద్దె మీద ఎవరో చీర ఆరేస్తుంటే నా గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే ముసలావిడ.

గెలిచాం. నీ కొడుకు ఒక్క బంతినీ వదల్లేదట. నేను చూడలేదు.