ముందు బిచ్చగాళ్ళకే గీస్తాను

ఒరే అల్లుడూ,

రంగులు వేస్తున్న నీ కొత్త సెలూన్ చూద్దామని వస్తే, నా చిరుగు చొక్కా చూసి, "ఈ ముష్టివాణ్ణి బయటికి గెంటండి" అన్నావు. నీకు కత్తి పట్టడం నేర్పిన మేనమామను నేను.

ఇప్పుడు మీ అమ్మను పంపావు. మన ఇంట్లో పెద్దవాడు మొదటి గడ్డం గీయకపోతే కొట్టు నిలవదని నీ భయం. "చిన్నవాడు, క్షమించు అన్నయ్యా" అని ఏడ్చింది. "గడ్డం నెరుస్తుంటే చిన్నవాడేమిటే?" అన్నాను.

బిచ్చగాడు వేరు, ముష్టివాడు వేరురా. ఆకలేసి చెయ్యి చాచేవాడు బిచ్చగాడు, వాడికి సిగ్గుంటుంది. తాను గెంటించినవాడి దగ్గరికే మళ్ళీ అడగడానికి వచ్చేవాడు ముష్టివాడు. వాడికి అదీ ఉండదు.

వస్తాను. కొట్టు తెరిచే పొద్దున నీ గుమ్మం ఎదుటే పీట వేసుకుని, వీధిలో బిచ్చగాళ్ళందరికీ ఊరికే గడ్డం గీస్తాను. మొదటి గడ్డం వాళ్ళది. నీ కొట్టుకొచ్చే బేరాలు కూడా ఆ వరసలోనే నిలబడతాయి, చూస్తూ ఉండు.

నా చెయ్యే కావాలంటే నువ్వూ వచ్చి అందరి వెనకా కూర్చో. నీ వంతు వచ్చాక మెడ ఎత్తి, నా కత్తి నీ గొంతు మీద ఉండగా, ఆ మాట ఇంకోసారి అను.

మీ మామయ్య