నలభై తొమ్మిది దగ్గర ఆగిన మనిషి

పద్మారావు నగర్,
బుధవారం మధ్యాహ్నం

తమ్ముడు భానుకు,

ఈ సంగతి ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. మీ బావ హాల్లోనే ఉన్నారు, ఆయన చెవిన పడకూడదు.

వచ్చే ఆదివారం మా కాలనీలో రక్తదాన శిబిరం. మీ బావ ఇప్పటికి నలభై తొమ్మిది సార్లు రక్తం ఇచ్చారు. ఎవరికి అవసరమని కబురొచ్చినా, మోండా మార్కెట్లో స్టీలు సామాన్ల దుకాణం షట్టర్ దించి వెళ్ళిన మనిషి. ఈసారి ఇస్తే యాభై. కాలనీ సంఘం కార్యదర్శి దయాకర్ సన్మానం పెట్టించాడు. మాతో ఒక మాట అనకుండానే గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో మీ బావ ఫోటో, కింద "యాభైవ రక్తదానం" అని పెద్ద అక్షరాలు.

ఆయన మాత్రం ఇవ్వకూడదు. ఎందుకో మా ఇద్దరికీ, డాక్టరుకే తెలుసు.

కిందటి ఏడాది నుంచి మీ బావకు మూత్రం ఇబ్బంది. రాత్రి ఐదుసార్లు లేచేవారు. ఎక్కడికి వెళ్ళినా బాత్రూం ఎక్కడుందో చూసుకున్నాకే కూర్చునేవారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని డాక్టరు ఫినాస్టెరైడ్ అనే గోలీ రాశారు. గ్రంథి మెల్లగా చిన్నదవుతుంది, ఆరు నెలలు ఓపిక పట్టాలన్నారు. నా సంగతి నీకు తెలుసు కదా, పాల లెక్క రాసే పుస్తకంలోనే చివరి పేజీలు తీసి, ఏ రాత్రి ఎన్నిసార్లు లేచారో రాయడం మొదలుపెట్టాను. మూడు నెలలు ఐదు ఐదుగానే ఉంది. "వసుధా, గీ గోలీలు దండుగ" అని విసుక్కున్నారు. నాలుగో నెలలో నాలుగైంది. ఏడో నెలకు రెండు. హడావుడి లేకుండా రోజూ తన పని తాను చేసుకుపోయే ఆ చిన్న గోలీ అంటే నాకు గౌరవం కలిగింది.

కానీ మొదటి రోజే డాక్టరు హెచ్చరించారు. ఈ మందు వాడుతున్నన్నాళ్ళూ, మానేశాక మరో నెల దాకా రక్తం ఇవ్వకూడదట. ఆ రక్తం గర్భిణికి ఎక్కితే, కడుపులో మగబిడ్డ ఉంటే, ఆ బిడ్డకు చేటట. మందు మధ్యలో మానితే ఈయన తక్లీఫ్ మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక నేను చేసిన పని చెబుతాను. నిన్న ఆయన "దయాకర్‌కు చెప్పేస్త" అంటే నేను వద్దన్నాను. వీధంతా తెలిసిపోతుంది, ఆడవాళ్ళు నన్ను అడుగుతారు, ఏం రోగమని చెప్పను? "ఫారంలో మందులేమన్నా వాడుతున్నారా అని ఉంటది గదా, లేదని రాయండి. ఒక్కసారే గదా, ఎవరు చూస్తరు?" అన్నాను. పుస్తకంలో ఒక్క అంకె కూడా తప్పు రాయని నేను ఆ మాట అన్నాను, భానూ. ఆ సన్మానం ఆయనకంటే నాకే కావాలనిపించింది. ఆయన ఆదివారం ఏం రాస్తారో తెలియదు. నా మాట వింటారేమోనని ఇప్పుడు భయంగా ఉంది.

నీ అక్క,
వసుధ


పద్మారావు నగర్,
సోమవారం ఉదయం

భానూ,

నిన్న జరిగింది జరిగినట్టే రాస్తాను.

హాలు నిండిపోయింది. శాలువా, జ్ఞాపిక బల్ల మీద పెట్టి ఉన్నాయి. జ్ఞాపిక మీద అప్పటికే యాభై అని చెక్కించారు. మీ బావ ఫారం తీసుకుని కూర్చున్నారు. నేను ఆయన వెనుకే నిలబడ్డాను. సగం దాకా రాసి ఆగిపోయారు.

దయాకర్ వంగి అడిగాడు. "ఏందన్నా, పెన్ను రాస్తలేదా?"

"రాస్తున్నది. గీ మందుల కాడ ఆగిన. నేను ఒక గోలీ వేసుకుంటున్న, దయాకర్. అది వేసుకునేటోళ్ళు రక్తం ఇయ్యద్దు."

దయాకర్ గొంతు తగ్గించాడు. "లేదని రాయరాదే. ఎవరు సూస్తరు?"

అచ్చంగా నా మాటే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎవరు సూడరనే గద రాస్తున్న," అన్నారు మీ బావ. "బ్యాగు మీద నా పేరుండదు. అది ఎవరికెక్కుతదో నీకెరుకనా, నాకెరుకనా? కడుపుతోని ఉన్న పిల్లకు ఎక్కితే?"

ఉందని రాసి, మందు పేరు రాసి, సంతకం పెట్టి, ఫారం శిబిరానికొచ్చిన డాక్టరమ్మ చేతికిచ్చారు. ఆమె చదివి, ఇవాళ మీ రక్తం తీసుకోలేమని చెప్పింది. అంతటితో ఇంటికి వస్తారనుకున్నాను. ఆయన నేరుగా మైకు దగ్గరికి నడిచారు.

"ఫ్లెక్సీ మీద తప్పు పడ్డది. నాది నలభై తొమ్మిదే. నాకు ప్రోస్టేట్ పెరిగింది, గోలీ వేసుకుంటున్న. రాత్రి అయిదు పార్లు లేసేటోన్ని, ఇప్పుడు రెండు పార్లే. గిది జెర సిగ్గనిపించి ఇన్ని దినాలు చెప్పలే. నా తాన ఆగింది, మీరు ఆపకుండ్రి. ఇచ్చేటోళ్ళు ఇయ్యిండ్రి."

అందరికంటే ముందు దయాకరే తేరుకున్నాడు.

"అన్నా, గా గోలీ బట్టతలకు సుత ఇస్తరంట గదా. నీ నెత్తి మీద ఏం మొలవకపాయె?"

"నెత్తికైతే ఒక మిల్లీగ్రామే ఇస్తరు. నాకు అయిదు ఇచ్చిండ్రు, అదంత కిందనే ఖర్చయితున్నది."

హాలంతా నవ్వింది. శాలువా కప్పబోతే ఆపి, దాన్ని మొదటిసారి రక్తం ఇవ్వడానికొచ్చి వణుకుతున్న ఒకమ్మాయికి కప్పించారు.

ఇంటికొచ్చాక, నేను అన్నది తప్పని చెప్పాను. "నువ్వన్నంక రెండు దినాలు నాకు సుత గట్లనే రాయాలనిపించింది," అన్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన్ని చూసి ఇంత గర్వపడిన రోజు లేదు. సన్మానం జరిగి ఉంటే ఇలా రాయగలిగేదాన్ని కాదు.

సాయంత్రం నుంచి మా ఇంటికి మగవాళ్ళ రాకపోకలు షురూ అయ్యాయి. రిటైరైన హెడ్మాస్టరు రామభద్రరావు గారు ఎన్నడూ లేనిది మా పేపరు అడగడానికొచ్చారు. ఇంకొకాయన స్టీలు బకెట్ ఎంతని అడిగాడు, అదీ ఆదివారం, దుకాణంలో కాదు, ఇంట్లో. ఒక్కొక్కరే మీ బావను మెట్ల దగ్గరికి తీసుకుపోయి గుసగుసగా "ఏ డాక్టరన్నా, ఏం గోలీ?" అని అడగడమే. రాత్రి భోజనాల వేళకు నలుగురయ్యారు. ఆయన అందరికీ ఒకటే చెప్పారు. "నా గోలీ పేరు అడగకుండ్రి. మీది ఏం బీమారో నాకేమెరుక? పోయి చూపించుకోండ్రి. కావాలంటే నేను తోడొస్త."

ఇంతా నీకెందుకు రాస్తున్నానో చెబుతాను. పొద్దున మా మరదలు యోగిత ఫోన్ చేసింది. సెలవు దొరకలేదని సన్మానానికి రానన్నావు కదా, అసలు కారణం అది కాదట. మూడు గంటలు బాత్రూం లేని బస్సులో కూర్చోలేక అట. ఏడాదిగా డాక్టరు దగ్గరికి పోదామంటే ఆమె మీద కసురుకుంటున్నావట. మీ బావకు చెప్పాను. "వాణ్ణి రమ్మను, గురువారం నేనే తోల్కపోత," అని డాక్టరు దగ్గర నీ పేరు కూడా రాయించారు.

ఈ ఉత్తరం కొరియర్లో రేపటికే అందుతుంది, బుధవారం పొద్దున్నే బయలుదేరు. మీ కరీంనగర్ నుంచి వచ్చే బస్సు సిద్దిపేటలో ఆగుతుంది. అక్కడ దిగడానికి సిగ్గుపడకు.

నీ కోసం ఎదురుచూసే అక్క,
వసుధ