అడగని నాలుగో ప్రశ్న

ముద్దుల వదినకి,

నీ ఆడపడుచు పెద్ద కుర్చీ ఎక్కిందని అందరికీ చాటావట కదా! ఇక దిగే రోజు వచ్చినట్టుంది, అదీ చాటుదువు గాని.

క్లినిక్కులో నేల తుడిచేదాన్ని, మన భాషా ఇక్కడి భాషా రెండూ వచ్చని డాక్టరమ్మ పక్కన కూర్చోబెట్టారని రాశాను. అక్కడ ఏం పనో మాత్రం సిగ్గేసి రాయలేదు. సుఖవ్యాధుల పరీక్ష వదినా. నాలా పనికోసం మనవైపు నుంచి వచ్చినవాళ్ళకీ, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకీ ఒకటే గది, ఒకటే కాగితం, పదకొండు ప్రశ్నలు. ఒక్కదానికైనా ఔనంటే రక్తం తీస్తారు. అన్నిటికీ లేదంటే ఇంటికి పంపేస్తారు. డాక్టరమ్మ అడిగింది నేను మన భాషలో అడగాలి, అంతే.

ఆ నాలుగో ప్రశ్న ఉంది చూశావూ, "మీరు గానీ మీ ఆయన గానీ ఇంకొకరితో పడుకున్నారా" అని. అమ్మ వయసు మనిషిని పిన్నీ అని పిలిచి కూర్చోబెట్టి, ఆ నోటితోనే అదెలా అడగను? నోరు రాలేదు. "మీ ఆయన బాగా చూసుకుంటాడా పిన్నీ?" అనేదాన్ని. పుండ్ల సంగతి అడగమంటే "ఒంట్లో కులాసాయేనా?" అనేదాన్ని. కాదని ఎవరంటారు? నేను డాక్టరమ్మ వైపు తిరిగి "ఏమీ లేవట" అనేదాన్ని. ఏడు నెలలుగా ఇదే తంతు. మీవాళ్ళు నిప్పులాంటి మనుషులని ఆవిడ మెచ్చుకుంటే, సిగ్గులేకుండా మురిసిపోయాను కూడా.

నిన్న సాయంత్రం బస్టాపులో, చేపల షెడ్డులో పనిచేసే పిల్ల కనబడింది. పేరడగకు, చెప్పను. దానికి మూడో నెల. పోయిన వారమే నా ఎదురుగా కూర్చుని వెళ్ళింది. "అక్కా, పోయినేడు మా ఆయనకి అక్కడ పుండు లేచి దానంతటదే మానింది. అడిగితే చెబుదామని వచ్చాను, మీరు అడగనే లేదు. అంటే ఫర్వాలేదనే కదా?" అంది. అది సిఫిలిస్ జబ్బే గనక అయితే కడుపులో బిడ్డకి పాకుతుంది, ఒక్కోసారి బిడ్డ దక్కదు. మందుంది, కానీ ముందే తెలియాలి.

రేపు పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకెళ్ళి డాక్టరమ్మకి అంతా చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, చీపురు ఎక్కడికీ పోలేదు. భయం మాత్రం వేస్తోంది వదినా.

నీ మొద్దు
ఆడపడుచు


వదినమ్మా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను, ఆగలేక. పిల్లకి జబ్బు ఉంది. వారానికొక సూది చొప్పున మూడూ ఇచ్చారు, ఆఖరిది ఇవాళే అయింది. వేళకి పట్టుకున్నాం, బిడ్డకి భయం లేదన్నారు. మొగుడికీ వేశారు, సూది చూసి భయంతో పెళ్ళాం చెయ్యి పట్టుకుని నుజ్జు చేశాడు, వీరుడు!

నేను చెప్పగానే డాక్టరమ్మ ముఖం కందగడ్డ అయింది. "ఏడు నెలల కాగితాలు!" అంది. అంతలోనే బీరువా తీసి ఒక కట్ట బల్ల మీద పడేసింది. "ఇవి మా వాళ్ళవి. నాకు పాఠాలు చెప్పినవాళ్ళున్నారు, మా వీధివాళ్ళున్నారు. వీళ్ళని నేనూ అడగలేదు. లేదని నేనే గీత పెట్టేశాను. ఏ ముఖంతో నిన్ను తిడతాను?" అంది.

ఆ వారమే అందరికీ కబురు పెట్టాం, మనవాళ్ళకీ వాళ్ళవాళ్ళకీ. ఇప్పుడు జవాబు ఏదైనా సరే, లోపలికొచ్చినవాళ్ళందరికీ రక్తం తీస్తున్నాం. ప్రశ్నలూ మానలేదు. నన్ను కుర్చీ దిగనివ్వలేదు గానీ, "ముందు నన్నే అడుగు, ఒక్క మాట తగ్గించకుండా" అంది డాక్టరమ్మ. అడిగాను. నాలుగోదాని దగ్గర ఆవిడ లేచి కిటికీ మూసి వచ్చి జవాబు చెప్పింది. ఏం చెప్పిందో రాయను, అది ఆవిడ సొంతం. తరువాత చొక్కా చెయ్యి పైకి మడిచి నర్సుని పిలిచింది.

ఇప్పటికి వందమందిని అడిగి ఉంటాను. ఒక్కరూ చెంప పగలగొట్టలేదు. ఎనభై ఏళ్ళ పిన్ని ఒకావిడ "ఇంకొకరా? ఎవరైనా ఉంటే నువ్వే చూసిపెట్టు!" అంది. నవ్వలేక చచ్చాం. ఇంత హాయిగా పని చేసి ఎన్నాళ్ళయిందో.

కానీ ఒక్క మనిషిని అడగలేదు వదినా. అన్నయ్య లారీ తీసుకుని నెలల తరబడి బయటే ఉంటాడు. నీకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నేను ధైర్యం చెప్పానే గానీ, ఏమీ అడగలేదు. నా అన్న కదా, నోరు రాలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. అన్నయ్య ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళాడా? తెలిస్తే తెలుసని రాయి, తెలియకపోతే తెలియదని రాయి. ఏదైనా సరే, ఇద్దరూ వెళ్ళి రక్తం ఇచ్చి రండి. వాడు రానంటే నాతో మాట్లాడమను.

వాడు నా తోడబుట్టినవాడే. అయినా ఈ విషయంలో నేను నీ వైపే.

నీ
ఆడపడుచు