తుడవని బోల్టు

యాదగిరన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన కాజీపల్లి షెడ్డులో నీ మీద ఊడిపడ్డ బ్లోయర్ చోట ఈ ఉదయం కొత్తది ఎక్కించాం. బోల్టులు బిగించింది నేనే.

నువ్వు నేర్పినట్టే చేశాను. బోల్టు మరల మీది నూనెను థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. సర్వీసుకు మళ్లీ విప్పాలి కాబట్టి ఊడిరాని ఎర్ర గమ్ము కాదు, బోల్టు వదులవకుండా నీలం గమ్మే రెండు చుక్కలు వేశాను. గమ్ము గట్టిపడాలని రేపటిదాకా నడపొద్దన్నాను.

"రెండు సుక్కల గమ్ముకు గింత పరేషానా?" అని సూపర్‌వైజర్ నవ్వాడు.

నువ్వు పోయినప్పుడు తప్పంతా పాత గమ్ముదేనని తేల్చి ఆ సీసాలు పారేశారు. నేనూ తలూపాను. గమ్ము మంచిదే, అన్నా. ఆరోజు షిఫ్టు అయిపోతోందని నేనే నూనె మీద పోశాను. నూనె మీద అది పట్టదని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో.

"తుడిసినవా రా?" అని కిందినుంచి అడిగావు.

"తుడిసిన అన్నా" అన్నాను.

ఎవరు బిగించినా నిచ్చెనెక్కి స్వయంగా చూసుకునేవాడివి. ఆరోజు ఎక్కలేదు. బిగించింది నేను కదా.