పరీక్ష అయ్యేదాకా

తేజన్,
అక్టోబరు మొదటి ఆదివారం

ప్రియమైన చెల్లి థెంబేకాకి,

పంట పండక్కి అమ్మ ఇంట్లో మనం పిండి ఉండలు చేస్తుంటే ఆవిడ అన్న మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటున్నాను. "కన్నకూతురి చేతిలో కంటే ఈ దక్షిణాఫ్రికా పిల్ల చేతిలోనే పిండి మాట వింటోంది" అంది కదూ! నామ్వన్ బళ్లో మనిద్దరం ఒకే తరగతిలో నిలబడి ఇంగ్లీషు చెప్పిన రోజుల నుంచీ ఆవిడ నీ పక్షమే. నాకు ఈ హైస్కూలుకి బదిలీ అయినందుకు బాధ కంటే, నీకు కాలేదన్న సంతోషమే ఆవిడకి ఎక్కువ.

నీతో ఒక పని పడింది. ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఎల్లుండి ఆస్ట్రేలియా వెళ్తున్నాను. నవంబరు మధ్యకి గానీ రాను. అక్కడ ఫోను వాడనివ్వరట. ఆదివారాలు అమ్మ దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చుంటావా? తమ్ముడు గిచోల్ ఊళ్లోనే ఉన్నాడు గానీ, వాడు వెళ్తే టీవీ చూసి వచ్చేస్తాడు.

నువ్వు మాత్రం ఎప్పటిలాగే తేజన్ ఇంటికి ఉత్తరాలు రాస్తూ ఉండు. ఫోనులో అయితే ఇద్దరం "బాగున్నా, బాగున్నా" అనుకుని పెట్టేస్తాం. కాగితం మీద నీకు అబద్ధం రాదు. వచ్చాక అన్నీ ఒక్కసారే చదువుకుంటాను.

నీ అక్క,
గుమ్రాన్

*

నామ్వన్,
అక్టోబరు మధ్య

ప్రియమైన అక్కా,

ఆస్ట్రేలియాలో ఎండలు బాగున్నాయా? ఇక్కడ చలి మొదలైంది. పిల్లలు కోట్లు వేసుకుని తరగతిలోకి వచ్చి, అవే తలగడలు చేసుకుని నిద్రపోతున్నారు.

నిన్న అమ్మ దగ్గరికి వెళ్లాను. పెరట్లో చెట్టెక్కి పండ్లు కొయ్యమంది. నేను కొమ్మ మీద ఉంటే కింద నుంచి ఒకటే కేకలు: "అది కాదే, పక్కది! కళ్లద్దాలు ఎందుకు పెట్టుకున్నావు, అందానికా?" దగ్గు కొంచెం ఎక్కువగా ఉంది. డాక్టరు దగ్గరికి పోదామంటే, "వాడికి నా దగ్గు అక్కర్లేదు, నాకు వాడి మందు అక్కర్లేదు" అంది.

ఫిబ్రవరితో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఉంటావా, వెళ్తావా, త్వరగా చెప్పమన్నారు ప్రిన్సిపాల్ గారు. ఉంటానని చెప్పేస్తాను. అమ్మ, నువ్వు ఉండగా వేరే ఊరెందుకు నాకు?

నీ చెల్లెలు,
థెంబేకా

*

నామ్వన్,
అక్టోబరు చివర

అక్కా,

అమ్మ ఆసుపత్రిలో ఉంది. ముంగిట్లో కాలు జారి పడింది, తుంటి ఎముక విరిగింది. పక్కింటావిడ నాకు ఫోను చేస్తే పరుగున వెళ్లాను. ఆపరేషను చేశారు గానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటున్నారు. "ఈ వయసులో ఏమీ చెప్పలేం. చూడాల్సిన వాళ్లుంటే పిలిపించుకోండి" అన్నాడు డాక్టరు.

చూడాల్సిన మనిషివి నువ్వే. నీ ఫోను మోగడం లేదు. గిచోల్‌ని అడిగితే నేల చూపులు చూస్తూ, "అక్కకి చెప్పొద్దంది అమ్మ" అన్నాడు. తల్లి చావుబతుకుల్లో ఉంటే కూతురికి చెప్పొద్దా? ఏం కొడుకయ్యా నువ్వు అని ఆసుపత్రి వరండాలోనే కేకలేశాను.

అమ్మ ఆరోగ్య బీమా కార్డు కోసం ఇంటికెళ్లి బీరువా సొరుగు తీశాను. అందులో నీ పాస్‌పోర్టు కనిపించింది. గడువు తీరనిది, నీ ఫోటో ఉన్నది.

పాస్‌పోర్టు ఇక్కడ పెట్టి ఏ ఆస్ట్రేలియా వెళ్లావక్కా? కాగితం మీద అబద్ధం రానిది నాకా, నీకా? ఎక్కడున్నా సరే, ముందు వచ్చెయ్యి. ఎందుకు అబద్ధమాడావో తర్వాత అడుగుతాను, ఇప్పుడు అడగను.

థెంబేకా

*

నామ్వన్,
నవంబరు రెండో వారం

గుమ్రాన్ గారికి,

ఇకమీదట మిమ్మల్ని అక్కా అని పిలవలేను.

బడి అవగానే రోజూ ఆసుపత్రికి వెళ్తున్నాను. మీ అమ్మగారి మంచం పక్కన ఇంటివాళ్ల కోసం వేసే పొట్టి బల్ల మీద పడుకుంటున్నాను. అదే వార్డులో ఉన్న ముసలమ్మలు "ఈవిడెవరు?" అని అడిగితే, "మా చిన్నమ్మాయి" అని చెబుతోంది ఆవిడ. పెద్దమ్మాయి సంగతి మాత్రం ఎవరూ అడగకుండా దుప్పటి ముఖం మీదికి లాక్కుంటోంది.

మతి కూడా తప్పుతోందనుకుంటాను. కళ్లు తెరిస్తే చాలు, "కాలేజీ పరీక్ష ఎప్పుడే? ఈ వారమా, వచ్చే వారమా?" అంటుంది. మీ ఇంట్లో పరీక్ష రాసే పిల్లలెవరున్నారు? నిన్న నా చెయ్యి పట్టుకుని, అదృష్టం అతుక్కోవాలని పరీక్ష పిల్లలకిచ్చే జిగురు మిఠాయి కొనుక్కు రమ్మంది. ఎవరికమ్మా అంటే "మా పిల్లకి" అంది. మీకు యాభై నిండాయండీ. ఆవిడ కళ్లకి మీరింకా యూనిఫారంలోనే కనిపిస్తున్నారేమో. తెచ్చి దిండు కింద పెట్టాను. రాత్రంతా దాన్ని తడుముకుంటూనే ఉంది.

మా అమ్మ పోయినప్పుడు నేనిక్కడే పాఠం చెబుతున్నాను. విమానాలు మారి మా ఊరు చేరేసరికి మట్టి కూడా ఆరిపోయింది. ఆ సంగతి మీకు తెలుసు. అప్పుడు నన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్నది మీరే. మీరు రైలెక్కితే చాలు, వచ్చేయొచ్చు. అయినా రాలేదు.

కాంట్రాక్టు పొడిగించవద్దని ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను. ఫిబ్రవరిలో వెళ్లిపోతాను. అప్పటిదాకా మీ అమ్మగారి బాధ్యత నాది. ఆ తర్వాత మీ ఇష్టం.

థెంబేకా

*

తేజన్,
నవంబరు, పరీక్ష అయ్యాక వచ్చిన శనివారం

ప్రియమైన చెల్లీ,

అక్కా అని పిలవనన్నావు. నేను మాత్రం చెల్లీ అనే పిలుస్తాను.

గురువారం సాయంత్రం ఆసుపత్రి వరండాలో నన్ను చూసి ముఖం తిప్పుకుని వెళ్లిపోయావు. నీ వెనకాల రాలేకపోయాను. అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. ఇవాళ బట్టల కోసం ఇంటికొచ్చి నీ ఉత్తరాలు వరసగా చదివాను. చివరిది చదవగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను ఆస్ట్రేలియాలో లేను. కాలేజీల్లో చేరడానికి దేశంలో పిల్లలంతా ఒకే రోజు రాసే పరీక్షకి ఇంగ్లీషు ప్రశ్నలు తయారుచేసే వాళ్లలో నన్నూ వేశారు. ఒక్కసారి లోపలికి వెళ్తే దేశమంతా పరీక్ష రాసి ముగించేదాకా గేటు తియ్యరు. గురువారం బయటికి రాగానే గిచోల్‌కి ఫోను చేసి, అటు నుంచి అటే ఆసుపత్రికి వచ్చాను. ఫోను లేదు, ఉత్తరం లేదు, కిటికీలకి కూడా తెరలే. ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికీ చెప్పబోమని సంతకం పెట్టాలి. ఈ దేశంలో టీచరు ఎవరైనా అక్టోబరులో మాయమైతే ఇంట్లోవాళ్లు ఊహించేస్తారు, నోరెత్తరు. అమ్మ ఊహించింది, గిచోల్ ఊహించాడు. నువ్వూ ఊహిస్తావనుకున్నాను. ఇన్నేళ్లుగా నువ్వు మాలో ఒకదానివైపోయావు, పుట్టి పెరిగింది ఇక్కడ కాదన్న సంగతే మర్చిపోయాను. తప్పు నాదే.

తల్లికో తండ్రికో బాగాలేదంటే పంపరు. పోయారంటే మాత్రం పంపుతారు. పక్కన కాపలా మనిషితో, కొన్ని గంటలు, దండం పెట్టి రావడానికి. ఆ మాట ఎప్పుడో నేనే అమ్మకి చెప్పాను. అందుకే గిచోల్ నోరు మూయించిందట. నిన్న వాడే చెప్పాడు. "చెబితే అది లోపల ఏడవడం తప్ప ఏం చెయ్యగలదురా? నేను పోతేనే దానికి తలుపు తీస్తారు. అలా తీయించను. పరీక్ష అయ్యేదాకా పోను" అందట.

చెల్లీ, అమ్మకి మతి తప్పలేదు. ఎప్పటిదాకా బతకాలో లెక్క చూసుకుంటోంది, అంతే.

నేను మంచం దగ్గరికి వెళ్లగానే దిండు కింద నుంచి ఆ మిఠాయి తీసి నా నోట్లో పెట్టింది. తర్వాత అడిగిన మొదటి మాట, "పిల్లల్ని ఏడిపించేలా ఇచ్చావా ప్రశ్నలు?" అని. రెండోది, "ఆ పిల్ల ఎక్కడే?"

ఎక్కువ రోజులు లేవంటున్నారు. సోమవారం వస్తాను. నీకు నా మీద కోపమున్నా ఫరవాలేదు, అమ్మ కోసం రా.

నీ అక్క,
గుమ్రాన్

*

నామ్వన్,
డిసెంబరు ఆఖరి రోజు

ప్రియమైన అక్కా,

నువ్వు తేజన్ వెళ్లిన దగ్గర నుంచీ ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపెయ్యడం, ఇదే పని. ఎదురుగా ఉన్నన్నాళ్లూ మనిద్దరం అమ్మ పక్క మార్చడం, జావ పట్టడం తప్ప ఒక్క మాట సరిగ్గా మాట్లాడుకోలేదు. ఫోనులో అయితే మళ్లీ "బాగున్నా" అంటాను. నేను బాగాలేను.

అమ్మ లేని ఇల్లు చూసొచ్చాను. చెట్టు చిటారున పక్షుల కోసం వదిలిన పండ్లు మిగిలే ఉన్నాయి. మంచం మీద నుంచి ఆవిడ తిడుతూ చెప్పినట్టే నువ్వూ నేనూ ఉప్పు పట్టించి పెట్టిన కిమ్చీ పచ్చడి జాడీలు పెరట్లో అలాగే ఉన్నాయి. వసంతానికి గానీ పులుపెక్కవంది కదా! ఎవరు తింటారని అడగబోయి ఆగిపోయాను, గుర్తుందా?

నా చోటికి వేరే అమ్మాయిని తీసుకున్నారు. వెళ్లిపోతానన్న మాట వెనక్కి తీసుకుంటానని ప్రిన్సిపాల్ గారిని అడిగాను గానీ, కాగితాలు వెళ్లిపోయాయన్నారు. కోపంలో అన్న మాటకి అది నాకు తగిన శిక్షే. పక్క జిల్లా కురేలో ఒక బడి వాళ్లు రమ్మన్నారు. ఇక్కడి నుంచి బస్సు ఉంది. బడి ఇచ్చిన గది మాత్రం ఫిబ్రవరిలో ఖాళీ చెయ్యాలి.

ఈ ఏడాది నాకేం మిగిలిందని పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఉద్యోగం పోయింది, అమ్మ పోయింది. నీ మీద రాసిన మాటలు ఉన్నాయి, అవి చెరిపినా చెరగవు. అయినా అంత్యక్రియల రోజున నువ్వు నల్లబట్టలు నా చేతికిచ్చి, కూతుళ్లు తలలో పెట్టుకునే ఆ తెల్ల రిబ్బను పిన్ను నువ్వే నాకు పెట్టావు. మా అమ్మకి పెట్టుకోలేకపోయాను. అది ఇంకా నా దగ్గరే ఉంది, తిరిగి ఇవ్వను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నీ ఉత్తరం అందిన రోజు ఆసుపత్రికి వెళ్లి అమ్మని నిలదీశాను. "అంతా తెలిసి నాకెందుకు చెప్పలేదమ్మా? అక్కని నోటికొచ్చినట్టు తిట్టాను కదా!" అన్నాను. ముందు "నీ కడుపులో మాట దాగదే" అంది. అంతేనా అని మళ్లీ అడిగితే, కళ్లు మూసుకునే నవ్వింది.

"చెబితే నీ కోపం పోయేది. కోపం పోతే ఆదివారాలే వచ్చేదానివి. దాని మీద పంతంతో రోజూ వచ్చావు. నేనెందుకు చెడగొట్టుకుంటాను?"

అక్కా, ఇల్లు అమ్మొద్దని గిచోల్‌కి చెప్పు. తాళంచెవి నాకివ్వు. వసంతంలో జాడీ మూత తీసే రోజున నువ్వు రావాలి. రాకపోతే ఈసారి నిజంగానే కోపం వస్తుంది, రోజుకో ఉత్తరం రాస్తాను.

నీ చెల్లెలు,
థెంబేకా