వెనక సీట్ల నేను, ఒళ్లె పుట్టింటి చీర

అక్కా, బాగున్నవా...

నా రాత మంచిగ ఉండదు, నీకు తెల్సిందే. ఇప్పుడు చెయ్యి సుత వణుకుతుంది. ఎక్కడ దీర్ఘం పెట్టాల్నో ఎక్కడ పెట్టొద్దో బడిల ఉన్నప్పుడే నాకు సరిగ రాలె. తప్పులుంటె ఏమనుకోకు. నీకైతె చదువే రాదాయె... అక్కడ ఎవలన్న చదువుకున్నోళ్లుంటె చదివిచ్చుకో.

నువ్వు పోయి ఏడాది కావస్తుంది. తొవ్వల పొంటి మల్ల తంగేడు పూసింది. రేపు నీ ఏడాది మాసికానికి మీ మానుకోటకు వస్తున్నం. నేను, నా కొడుకు సమ్మయ్య, కోడలు రజిత, వాళ్ల చిన్నపిల్ల. అదే కారుల.

అదే కారు అంటున్న గని, నువ్వు దాన్ని చూడనే లేదు కద. నువ్వు పోయిన నాడు దాంట్లెనే వచ్చిన. ఎట్ల వచ్చిన్నో నీకు తెల్వదు. నువ్వు పండుకోని ఉన్నవ్. ఎవలకు సుత పూరాగ చెప్పలె. నీకు చెప్పాల్నని ఏడాది సంది అనుకుంటున్న...

సమ్మయ్యకు జనగామల ఆఫీసుల కొలువు కద. నువ్వు పోవుడుకు కొద్దిగ ముందుగాల కొన్నడు. తెల్ల కారు. మన ఊరు రఘునాథపల్లికి తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిచ్చి, నన్ను కూసోవెట్టి ఒక్కొక్కటి చూపిచ్చిండు. బెల్టు పెట్టుకోకపోతె టింగు టింగుమంటది. ఎనకకు తీస్తుంటె గోడ దగ్గరికొచ్చిందని కూత పెడ్తది. గట్టిగ బ్రేకు కొట్టినా చక్రాలు జారవట. ముందు సీట్లకు గాలిసంచులున్నయట, దేనికన్న గుద్దితె ఉబ్బి తలకాయ పలగకుంట ఆపుతయట. తాళంచెవి మీద బిళ్ల ఒత్తితె నాలుగు తలుపులు ఒక్కపాలి పడ్తయి. అట్ల పడ్డంక ఎవలన్న తెరిస్తె దొంగ వచ్చిండని వాడకట్టంత ఇనవడేటట్టు మొత్తుకుంటది.

గివన్ని మనల్ని కాపాడేటియి బాపు, అన్నడు.

నేను ఊఁ అన్న. ఇంకేమనాలె?

నువ్వుంటె వంద అడుగుదువు. 'గాలిసంచి పలిగితె ఎట్లరా' అని సుత అడుగుదువు.

ఆ కారుల మొదటిసారి జనగామకు పోయి వస్తున్నం. ముందు సీట్ల రజిత, ఎనక నేను. మన ఊరు కనవడ్డది. నేను లేవబోయి తలుపు గుంజిన.

నీ మాటే అక్కా. చిన్నప్పుడు బస్సెక్కిచ్చుడు, దిగుడు నేర్పింది నువ్వే కద. 'ఊరు కనవడంగనే లేచి డోరు కాడికి పో తమ్మీ, మన కోసం బస్సు ఆగదు.' ఎన్నేండ్లాయె ఆ మాటకు... మానుకోటకు నీ దగ్గరికి వచ్చినప్పుడల్ల గట్లనే చేసిన. కండక్టరు తిడ్తడు, నేను డోరు కాడనే నిలవడ్త. అవుతల టేషన్ దారిల కొంగు నెత్తి మీద ఏసుకోని నువ్వు నిలవడి ఉంటవు.

కారు నడుస్తనే ఉన్నది. తలుపు తెర్సుకున్నది. ఎనకనుంచి లారి హారను కొట్టుకుంట పక్కపొంటే ఊడ్సుకపోయింది. సమ్మయ్య కారు పక్కకు ఆపిండు. దిగి వచ్చి నా తలుపు అంచుకున్న చిన్న మీట కిందికి ఒత్తిండు. చిన్నపిల్లల కోసం పెట్టిన తాళం బాపు, ఇగ లోపటినుంచి తెర్సుకోదు అన్నడు. అవుతలి తలుపుకు సుత ఒత్తిండు.

కోపంగ అనలె అక్కా. కోపంగ అంటె మంచిగుండు.

అప్పటి సంది ఎవలన్న బయటినుంచి తీస్తెనే నేను దిగాలె. ఒకపాలి పెండ్లికి పోయినం. వాళ్లిద్దరు దిగిన్రు, చుట్టాలు ఎదురొచ్చిన్రు, మాటల పడ్డరు. నేను అద్దంల నుంచి చూస్కుంట కూసున్న. అద్దం కొట్టొచ్చు కద, పిలవొచ్చు కద అంటవు నువ్వు. పిలవరాలె... రజితకు యాదికొచ్చి ఉరికొచ్చింది. అయ్యో మామా, అన్నది. నేను నవ్విన. ఏం చేయాలె మరి?

'నీ మాటలన్ని నేనే మాట్లాడాల్నారా తమ్మీ' అని నువ్వు ఎన్నిసార్లన్నవో. అనుకుంటనే మాట్లాడినవ్. పంతులు కొట్టిండని బడికొచ్చి అడిగింది నువ్వే. పిల్ల నచ్చిందా అని వాళ్లు నన్నడిగితె, నచ్చింది అని చెప్పింది సుత నువ్వే. నాకు నిజంగ నచ్చింది. నువ్వెట్ల కనుక్కున్నవో ఇప్పటికి తెల్వదు.

ఇగ ఆ నాడు...

పొద్దుగాల బావ ఫోను చేసిండు. ఫోను పట్టుకోని ఏడ్సిండు. నాకు అర్థమైంది. అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తుంది. బస్సులు లెవ్వు, రైళ్లు లెవ్వు, ఆఫీసులు లెవ్వు. సమ్మయ్య సుత సమ్మెల ఉన్నడు. రజిత చంటిపిల్లతోని ఇంటికాడ ఆగింది. నేను, వాడు కారు ఎక్కినం.

ముందుగాల జనగామకు పోయినం, చీర కోసం. పుట్టింటోళ్లు చీర తేవాలె, అది కప్పినంకనే పాడె లేపాలె. మనింట్ల మిగిలింది నేనొక్కన్నే. నువ్వు చెప్పి పెట్టినవ్ సుత. ఆ ఏడు రాఖీ కట్టినప్పుడే కద... 'నేను పోయినంక చీర నువ్వే తేవాలె తమ్మీ. ఆకుపచ్చది, అంచు పెద్దగుండాలె. నాసిది తెచ్చినవనుకో, లేచి కూసుంట.' అందరం నవ్వినం.

బజారంత బందు. శెట్టి మనిషిని చూసి, సంగతి ఇని, షట్టరు సగం లేపిండు. వంగి లోపటికి పోయిన. ఆకుపచ్చది, ఎర్రంచు. అంచు జానెడున్నదా లేదా అని కొలిచి చూసినంక శెట్టి చేతిసంచిల పెట్టిచ్చిండు.

పొద్దు వాలకముందు లేపుతమని బావ మల్ల ఫోను చేసి చెప్పిండు. పాలకుర్తి దాటినం. తొర్రూరు కాడ ఆగినం.

రోడ్డు మీద వంటావార్పు. నువ్వు సుత పోతుంటివి కద మానుకోటల, ఎసరు పెట్టుడు దగ్గరినుంచి పాట దాక అన్నిట్ల ముందుంటుంటివి. నడి రోడ్డు మీద రాళ్లు పెట్టి, గుండిగె పెట్టి అన్నం వండుతున్నరు. ఆడోళ్లు పాట అందుకున్నరు. ముందట లారీలు, ట్రాక్టర్లు, జీపులు. దవాఖానకు పోయేటోళ్లనే ఇడుస్తున్నరట.

ఎండ బాగున్నది, నువ్వు దిగకు బాపు, నేను మాట్లాడొస్త అని సమ్మయ్య దిగిండు. నడుసుకుంటనే ఎనకకు చూడకుంట తాళంచెవి బిళ్ల ఒత్తిండు. టక్కున నాలుగు తలుపులు పడ్డయి. వానికి అలవాటు. లారీల నడుమ నుంచి పోయిండు, ఇగ కనవడలె.

నేను లోపట.

కొద్దిసేపు మంచిగనే కూసున్న. ఎండ అద్దంల నుంచి ఒళ్లెకు వచ్చింది. సంచిలకెళ్లి కనవడే చీర మీద పడ్డది. రంగు పోతదేమో అని అటు తిప్పిన, ఇటు తిప్పిన. అద్దం దించుదామని మీట ఒత్తిన, దిగలె. ఇంజను బందు ఉంటె దిగదట. ముల్లు లాంటి గొళ్లెం పైకి గుంజి తలుపు గుంజిన. రాలె. అవుతలి దిక్కు జరిగి గుంజిన. రాలె.

చెమటలు కారుతున్నయి. పాట ఇనవడ్తలేదు, నోర్లు మాత్రం కదులుతున్నయి. అందరున్నరు, అందరు నాకు కనవడ్తున్నరు. ఒక పోరగాడు కారు పక్కపొంటి పోతున్నడు. అద్దం మీద కొట్టిన. వాడు నన్ను చూసిండు, నవ్విండు, పిడికిలి లేపి జై తెలంగాణ అని పోయిండు. నేను సుత చెయ్యి లేపిన... ఏం చేయాలె అక్కా, వాడు అంత మంచిగ అంటె?

పొద్దు దిగుతుంది. సమ్మయ్య రాలె. వాడు సుత నా కొడుకే కద. సమ్మెల ఉన్నోడు, సమ్మె చేసేటోళ్లను తొవ్వ ఇయ్యుమని ఎట్ల అడుగుతడు? ఎవల ఎనకనో నిలవడి ఉంటడు, వాళ్లు చూసేదాక.

అప్పుడు నాకు కండ్ల ముందట నువ్వు కనవడ్డవ్. అత్తగారోళ్ల చీర కప్పి లేపుతున్నరు. పుట్టింటోళ్లు ఎవలు రాలేదా అని ఎవలో అడుగుతున్నరు. బావ తల దించుకున్నడు.

ముందు సీట్ల నడుమ నుంచి పోదామని ముందుకు వంగిన. నా ఈడుల ఎవలన్న చేసే పనా అది? ధోతి గేరుకు తట్టుకున్నది. మోకాలు గుంజింది. చీర పండ్లతోని పట్టుకున్న, ఉమ్మి తాకకుంట సంచి చెవులు పట్టుకున్నలే, పరేషాన్ గాకు. ఎట్లనో ముందు సీట్ల పడ్డ. గొళ్లెం గుంజి తలుపు గుంజిన.

తెర్సుకున్నది. కారు మొత్తుకున్నది.

అక్కా, ఎంత మొత్తుకున్నదనుకున్నవ్... లైట్లు కొట్టుకుంట, హారను కొట్టుకుంట. పాట ఆగింది. గుండిగె కాడోళ్లు, లారీల కిందోళ్లు, అందరు నా దిక్కే చూసిన్రు. తాళమేసిన కారుల నుంచి ఒక ముసలోడు కొత్త చీర పట్టుకోని దిగుతున్నడు. దొంగ లెక్కనే ఉన్న. ఒకడు ఉరికొచ్చి, ఎవలిదే తాతా చీర, ఎవలికి తీస్కపోతున్నవ్, ముసలితనంల గిదేం పని అన్నడు. నవ్విన్రు.

నువ్వు లెవ్వు.

పక్కకు సుత చూసిన నేను. అలవాటు.

మా అక్క చచ్చిపోయింది, అన్న. ఇంకా గట్టిగ అన్న. మానుకోటల. పుట్టింటి చీర తీస్కపోవాలె. పొద్దు వాల్తె లేపుతరు.

గుండిగె కాడ గంటె పట్టుకోని ఒక పెద్దామె ఉన్నది. నీ అంతనే ఉంటది. పొద్దటి సంది గీ తొవ్వల మందికి మంది సచ్చిన్రు, నువ్వొకనివి తక్కువైనవ్ అన్నది. నిజమే, తొవ్వ కోసం అందరు అదే చెప్పుండొచ్చు. గని దగ్గరికి వచ్చింది. చెయ్యి కొంగుకు తుడ్సుకోని చీర అంచు పట్టి చూసింది. అప్పుడు నా మొకం చూసింది.

పేరేంది మీ అక్కది, అన్నది.

సమ్మక్క, అన్న. నీ పేరు అంతమంది ముందట గట్టిగ అన్న.

ఆమె ఎనకకు తిరిగి, లేపుండ్రి గుండిగె అన్నది. అన్నం ఉడుకుతుందవ్వా, అని ఒకడన్నడు. దించితె ఖరాబేం కాదులే, లేపుమంటున్న కద, అన్నది. గోనెపట్టలు పెట్టి నలుగురు గుండిగె లేపిన్రు. మసిరాళ్లు కాలితోని నూకిన్రు. జీపులు అటు ఇటు జరిగినయి. సమ్మయ్య అప్పుడు ఉరికొచ్చిండు, బిళ్ల ఒత్తి కూత బందు చేసిండు. అందాక అది మొత్తుకుంటనే ఉన్నది. నా బదులు అది మొత్తుకున్నది అనుకున్న.

పా తమ్మీ, జల్ది పో అన్నది ఆమె.

తమ్మీ అన్నది అక్కా. నువ్వు తప్ప నన్ను అట్ల పిలిచేటోళ్లు ఇంకెవలు లెవ్వు కద...

సమ్మయ్య ముందు సీట్ల కూసోమన్నడు. నేను ఎనకకే పోయి కూసున్న. ఎందుకో తెల్వదు. తొవ్వంత వాడు ముక్కు ఎగపీలుస్తనే ఉన్నడు.

మానుకోట వచ్చింది. టేషన్ దారి కనవడ్డది. నా చెయ్యి తలుపు మీదికి పోయింది. గుంజిన. నాకు తెల్వకుంటనే గుంజిన. రాలె. అప్పుడే ట్రాక్టరొకటి తలుపును రాసుకున్నట్టె పోయింది. సమ్మయ్య చూడలె. నేను చూసిన.

నువ్వు నిలవడే కాడ ఎవలు లెవ్వు.

పొద్దు తాటిచెట్ల తలల మీదున్నది మేం వచ్చేసరికి. భూపాలపల్లి నుంచి నీ బిడ్డ స్వరూప, అల్లుడు మోటరుసైకిలు మీద ఊర్ల నడుమ తొవ్వలల్ల పడి వచ్చి అప్పుడే దిగిన్రు. పాడె కట్టి ఉన్నది, లేపలె. బావ ఆపి పెట్టిండు. మా బామ్మర్ది రాక ఉండడు అన్నడట. నేను చీర కప్పిన. అంచు కాళ్ల దాక వచ్చింది.

నువ్వు లేచి కూసోలె. అంటె నచ్చినట్టే కద?

తర్వాత ఒకనాడు సమ్మయ్య నన్ను కారు కాడికి తీస్కపోయి ఆ మీట చూపిచ్చిండు. బియ్యపు గింజకంటె జర పెద్దగుంటది, అంతే. పైకంటె తెర్సుకుంటది, కిందికంటె తెర్సుకోదు. ఇగ నీ ఇష్టం బాపు, అన్నడు. పైకి ఒత్తి పెట్టి పోయిండు. ఆ నాటి సంగతి మాత్రం వాడు ఎత్తలె, నేను ఎత్తలె.

ఎక్కేముందు ఆ మీట నేనే కిందికి ఒత్తుకుంట. వాళ్లు చూడకుంట. నా చెయ్యిని నేను నమ్మను... ఊరు కనవడంగనే అది నీ మాటే ఇంటది గని నా మాట ఇనది. ఒత్తుకోని, తలుపు ఏసుకోని, ఎవలో వచ్చి తీసేదాక కూసుంట. అద్దం మాత్రం సగం దించి పెట్టమంట. అది అడుగుతున్న. గది ఒక్కటి నేర్సుకున్న.

తెలంగాణ ఇంక రాలె అక్కా. వస్తది బాపు అంటడు సమ్మయ్య. తొర్రూరామె గుండిగె మల్ల పొయ్యి మీద పెట్టిందో, అన్నం పలుకుగ అయ్యిందో మెత్తగయ్యిందో... రేపు పోయేటప్పుడు చూస్త, ఉంటదేమో.

రేపు ఇంకొకటి అడుగుదామనుకుంటున్న. టేషన్ దారి కాడ కారు ఆపి, నా తలుపు తియ్యుమని. అక్కడినుంచి నీ ఇంటి దాక నడుసుకుంట వస్త, నువ్వు ముందు నేను ఎనక నడిచినట్టు. మాట తయారు చేస్కోని పెట్టుకున్న. సమ్మయ్యా, జర ఇక్కడ ఆపు బిడ్డా. గింతే. పొద్దటి సంది అనుకుంటున్న నోట్లె. రేపు గట్టిగ అంట. మాటిస్తున్న.

చీర ఎట్లున్నదో రాయి. అంచు చాలిందా? నీకు రాయరాదాయె, ఎవలతోనన్న రాయిచ్చు. జల్ది రాయి అక్కా, నేను చూస్తుంట.

నీ తమ్మి
మల్లయ్య